పేరు లేకుంటె ఇయ్య

"మీ పోస్టు చక్కగున్నది. కని మా బ్లాగుకు పనికిరాదు."

సెమినార్ హాలు నడుమ నిలబడి, ఫోన్‌ల ఉన్న ఆ రెండు ముక్కలు గట్టిగ చదివింది జమున. చదివి తలెత్తి స్టేజీ దిక్కు చూసింది.

"గిది మీరు పంపిన మెయిలే కద సార్? చక్కగుంటె పనికెందుకు రాదు? పనికిరానిది చక్కగెట్లుంటది? రెండిట్ల ఏదో ఒకటి చెప్పుండ్రి. నేను మస్తు దూరంకెళ్లి వచ్చిన."

హాలంత గొల్లుమన్నది. స్టేజీ మీదున్న ప్రణయ్ చేతిల మైకు పట్టుకొని అట్లనే నిలబడ్డడు.

కరీంనగర్‌ల ఆ దినం పొద్దుటికెళ్లి ఒక్కతీరుగ వాన. అయినా కాలేజీ హాలు నిండింది. "మంది బ్లాగుల మన రాత: గెస్ట్ పోస్టులు ఎట్ల రాయాలె?" అని పోస్టర్ వేసిండ్రు. మాట్లాడేది ప్రణయ్ అంటె పోరలు రాకుండ ఎట్లుంటరు? పగలు గ్రానైట్ కంపెనీ ఆఫీసుల పని, పొద్దుమీకి బ్లాగు. "కరీంనగర్ కెళ్లి" అని ఆ బ్లాగు పేరు. ఆదివారం యాడికి పోవాలె, ఎట్ల పోవాలె, యాడ తినాలె అని ఈ దిక్కున ఎవలకు డౌటొచ్చినా అందులనే చూస్తరు. అందుల గెస్ట్ పోస్టు పడ్డదంటె, అంటే వేరేటోళ్ల రాత వాళ్ల పేరు మీదనే పడ్డదంటె, వాళ్లకు పండుగే. ఒక్క రోజుల ఊరూరోళ్లు చదువుతరు.

జమునకు గూడ ఒక బ్లాగున్నది. "జీపు ముచ్చట్లు". చదివేటోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"మీ పేరు?" అన్నడు ప్రణయ్, జర తేరుకొని.

"జమున. రేలవాడ. ఉట్నూర్ అవతల."

"జీపు ముచ్చట్లు జమునా?"

ఆ పేరు ఆయన నోట్లకెళ్లి వస్తదని ఆమె అనుకోలే. "ఔ," అన్నది మెల్లగ.

"ఒక పని చేద్దాం. మీ పోస్టు పక్కకు పెట్టుండ్రి. ఆ ముచ్చట మాకు నోటితోని చెప్పుండ్రి."

జమునకు ఇంతమందిల మాట్లాడుడు అలవాటు లేదు. కని రోషం నోరు తెరిపించింది.

"మా బాపు జీపు నడుపుతడు. ఉట్నూర్‌కు, మా ఊరికి నడుమ రేలవాగు. వానకాలం వాగొస్తె ఆగాలె. వాగు ఒడ్డుకు ఒక రాయి పెడతడు మా బాపు. నీళ్లు ఆ రాయిని ఇడిసిపెట్టేదాక బండి కదలదు. పొద్దంత ఆగినా సరే. అందరం సంచులల్లకెళ్లి రొట్టెలు తీస్తం, తొక్కు తీస్తం, కలిసి తింటం. పోయిన వానలల్ల మీ కరీంనగర్ కారొకటి వచ్చింది. మా బాపు చెయ్యి అడ్డంపెట్టి ఆపిండు. వాళ్లు హారన్ కొట్టి నీళ్లల్ల దిగిండ్రు. నడుమ ఇంజను ఆగింది. మా జీపుల ఉన్నోళ్లంత తాడు కట్టి గుంజిండ్రు. ఒక ముసలామె తన చీర కొంగు చింపి కారుల ఉన్న పిల్లగాని పగిలిన తలకు కట్టింది. పోయినంక వాళ్లేం రాసిండ్రో తెలుసా ఫేస్‌బుక్కుల? 'అడవోళ్లు ఒడ్డున నిలబడి తమాషా చూసిండ్రు' అని. గా మాట ఒక్కటి మా బాపు మనసుల ముల్లు లెక్క గుచ్చుకున్నది. కరీంనగరోళ్లు అసలు సంగతి చదవాలె. గందుకే మీకు పంపిన."

ప్రణయ్ స్టేజీ అంచుదాక వచ్చిండు.

"గిదే రాయుండ్రి," అన్నడు ప్రణయ్. "మీరు పంపిన దాంట్ల గిది ఆఖరి పేరాల ఉన్నది. అంతకు ముందంత మీ బ్లాగు ఎట్ల మొదలుపెట్టిండ్రు, దానికి ఆ పేరెందుకు పెట్టిండ్రు, ఎంత పరేషాన్ అయిండ్రు. నా పాఠకుడు ఆదివారం పొద్దున చాయ్ తాగుకుంట చదువుతడు. మీ వాగు దాక రాకముందే చాయ్ ఒడిసింది, లేసి పోయిండు."

మళ్ల నవ్వులు. ఈసారి ఆమె మీద. జమున కూసున్నది. ఆయన చెప్పింది నిజమే. గందుకే కోపం ఇంకింత పెరిగింది.

---

మీటింగ్ అయిపోయినంక జమున హాలు వరండల నిలబడి వాన దిక్కు చూస్తున్నది. జన్నారం మీదుగ పోయే బస్సుకు ఇంకా టైమున్నది. ఎన్కకెళ్లి గొడుగొకటి వచ్చి తల మీద నిలబడ్డది.

"బస్టాండ్ దాక దించుతా?"

"వద్దు సార్. మాకు వాన కొత్త కాదు."

"నాకు కోపం కొత్త కాదు," అని నవ్విండు ప్రణయ్. "ఒక్కటి అడగాల్నా? పంపే ముందు మా బ్లాగు చదివిండ్రా?"

"చదివిన."

"ఎన్ని పోస్టులు?"

"...ఒకటి."

"ఏది?"

జమున చెప్పులకు అంటిన మట్టి చూసుకున్నది. "'గెస్ట్ పోస్టులు పంపండి' అన్నది."

ప్రణయ్ గొడుగు ఊగేటట్టు నవ్విండు. ఆమెకు గూడ నవ్వాగలే. అంతల్నే తమాయించుకొని ఎదురు తిరిగింది.

"మీరేమో నా బ్లాగు చదివినట్టు మాట్లాడుతుండ్రు!"

"అంత చదివిన. మీ బాపు జీపు హారన్ పాడైతె మీ ఊరి మేకలు తొవ్వ ఇడువలేదన్న ముచ్చట దాక."

"మరి?"

"చదివిన గనుకనే కోపమొచ్చింది. సొంత బ్లాగుల గంత మంచిగ రాసుకొని, మంది ఇంటికి పంపేటప్పుడు మాత్రం మిగిలింది పంపుతరా? చుట్టం ఇంటికి పోయేటప్పుడు పెట్టెల ఉన్న మంచి బట్టలు కదా కట్టుకుంటం?"

జమున బస్టాండ్ దాక గొడుగు కింద నడిచింది. ఇద్దరి నడుమ ఇంకో మనిషి పట్టేంత జాగ ఇడిచి నడిచింది గనుక, ఇద్దరి భుజాలు చెరొకటి తడిసినయ్.

---

ఉట్నూర్‌ల మీసేవ సెంటర్‌ల జమున పని. కాస్ట్ సర్టిఫికెట్లు, పహాణీలు, ఆధార్ తప్పులు. జనం లేనప్పుడల్ల "కరీంనగర్ కెళ్లి" తెరిచి చదువుడు పట్టింది. పోస్టులకన్న ఎక్కువ కింద కామెంట్లు చదివింది. 'కారు పోతదా అన్నా?', 'చిన్న పిల్లలతోని పోవచ్చా?', 'మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లున్నయా?' అని అడుగుతుండ్రు వాళ్లు. చదువంగ చదువంగ ఆమెకు మొఖాలు కానరావట్టినయ్. వారమంత పనిచేసి, ఒక్క దినం పిల్లలను యాడికన్న తోల్కపోదామని చూసేటోళ్లు. చెడ్డోళ్లు కారు. వాగు సంగతి తెల్వనోళ్లు.

ప్రణయ్‌కు ఫోన్ చేసింది.

"మీ జనానికి ఆగుడు రాదు," అన్నది. "మా బాపుకు ఆగుడే వచ్చు. వాగు కాడ ఎట్ల ఆగాలె, ఎప్పుడు దిగాలె, అంతసేపు ఏం చెయ్యాలె. గది రాస్త. కొట్లాట మొదట్ల రాయ. చదివేటాయనకు ముందుగాల పనికొచ్చేది ఇస్త. మా సంగతి దాంట్లనే తెలుస్తది."

అవతలికెళ్లి కాగితం మీద పెన్ను గీకిన చప్పుడొచ్చింది.

"హలో? లైన్ల ఉన్నరా?"

"ఉన్న. హాలుల నేను చెప్పింది మర్చిపోయి మీరు చెప్పేది రాసుకుంటున్న."

అప్పటికెళ్లి ఫోన్లు పెరిగినయ్. మొదట పోస్టు గురించి, తర్వాత పోస్టు వంకతోని. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ యాదికి లేదు.

"మొదటి పేరాల 'నేను' మస్తుసార్లున్నది. తీసెయ్."

"తీసేస్తె వాగొక్కటే మిగుల్తది."

"చాలు. వాగే కావాలె. టైటిల్ ఏం పెడ్తున్నవ్?"

"'అరణ్యంలో ఒక జలసంధ్య'."

"మా సిరిసిల్ల మేనత్త గది చదివి గుడి ముచ్చట అనుకుంటది."

"మరి నువ్వే చెప్పు."

"నీ రాత, నీ టైటిల్. నేను బాగలేదనే చెప్త, ఏది బాగుంటదో నువ్వే తేవాలె."

తెల్లారి పంపింది: 'వాగు కాడ ఆగుడు ఎట్ల?'. జవాబుగ ఒక నమస్కారం బొమ్మ వచ్చింది. ఆఖరికి తన గురించి రెండు ముక్కలు రాయమంటె ఇట్ల రాసింది: 'జమున, రేలవాడ. జీపు డ్రైవర్ అంబదాస్ బిడ్డ. వాన ముచ్చట్లు ఇంకా కావాల్నంటె జీపు ముచ్చట్లకు రాండ్రి.'

ఫోటోల కోసం ప్రణయ్ బైకు మీద వచ్చిండు. ఒడ్డున అంబదాస్ బీడీ వెలిగించుకొని ఆ పిలగాన్ని కిందికీ మీదికీ చూసిండు. అంబదాస్ చిన్నప్పుడు మరాఠీ బళ్లె చదివినోడు. తెలుగు మాట్లాడుతడు గని, చదువుడు కూడబలుక్కొని చదువుతడు.

"కాయ్ భావూ, మా వాగును ఫోటో తీసుడే, ముట్టుడేం లేదా?"

ప్రణయ్ బూట్లు ఇప్పి నీళ్లల్ల దిగిండు. పాచి రాయి మీద కాలు జారి నడుము దాక కూసున్నడు. కని కెమెరా మాత్రం నెత్తి మీద పట్టుకున్నడు, తడవనియ్యలే. అంబదాస్ బీడీ పక్కకు పడేసి పకపక నవ్విండు. జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆ నాడు జీపు బానెట్ మీద ఎండేసిన షర్టు ఆరేదాక ప్రణయ్ అంబదాస్ తువ్వాల కప్పుకొని జొన్న రొట్టెలు తిన్నడు.

"మంచిగ తింటుండు," అన్నడు అంబదాస్ బిడ్డతోని తర్వాత. అంతకన్న ఎక్కువ అనలే.

---

పోస్టు ఆదివారం పొద్దున పడ్డది. ఆ దినం ఉట్నూర్‌లనే ఉన్న జమున ఫోన్ ఆగకుంట మోగవట్టింది.

"ఒక్కొక్క కామెంటుకు జవాబియ్యి," అన్నడు ప్రణయ్. "గెస్ట్ పోస్టంటె పడేసి పోవుడు కాదు. చుట్టమొచ్చి ముచ్చట పెట్టకుంట పోతె ఎట్లుంటది?"

అందరికీ ఇచ్చింది. ఒకాయన మాత్రం 'గివన్ని కథలు, అడవోళ్లు డబ్బుల కోసం తాడు ఏస్తరు' అని పెట్టిండు. జమున ఏదో ఘాటుగ రాసింది, తుడిపేసింది. చివరికి రాసింది: 'అన్నా, వానకాలం ఒక్కసారి రాండ్రి. మా జీపుల కూసోండ్రి. రొట్టె మాది, మాటలు మీవి. అప్పుడు మళ్ల రాయుండ్రి.' పొద్దుమీకేసరికి ఆ కామెంటు కింద జనం జమున దిక్కు నిలబడ్డరు.

జీపుల ఎక్కే టీచరమ్మ అలేఖ్య ఆ పోస్టు గట్టిగ చదివింది. అంబదాస్ స్టీరింగ్ పట్టుకొని ఇంజన్ ఆపేసి ఇన్నడు. చదువుడు అయినంక, "మళ్ల ఒకసారి చదువు టీచరమ్మా, గీ ముసలామెకు ఇనబడలే," అన్నడు. ఎన్క సీట్ల ముసలామెకు బాగనే ఇనబడ్డది. అందరికీ తెలుసు. ఆమె గూడ "ఔ ఔ, ఇనబడలే," అన్నది.

ఆ నెల ఆఖర్ల ఇంకొక కామెంటు వచ్చింది. కరీంనగర్‌కెళ్లి వచ్చిన ఒక కుటుంబం. తొవ్వల వాగు అడ్డమొచ్చిందట, నీళ్లు పిక్కల దాకనే ఉన్నయట. ఆయన కారు దింపబోతె బిడ్డ అన్నదట, 'డాడీ, ఒడ్డుకు రాయి పెట్టి చూద్దాం' అని. పెట్టి చూసిండ్రు. చాయ్ తాగేలోపల రాయి మునిగింది, ఎన్క నిలబడ్డ కారు టైర్లదాక నీళ్లొచ్చినయ్. 'మీ నాయనకు మా నమస్కారం చెప్పమ్మా' అని రాసిండు.

జమున అది బాపుకు చదివి ఇనిపించింది. అంబదాస్ జీపు కింద దూరి ఏదో నట్టు బిగించుకుంట చాలసేపు బయటికి రాలే. వచ్చినంక కండ్లకు గ్రీజు అంటుకున్నదని చెప్పిండు.

---

ఆ తర్వాతనే హైదరాబాద్‌కెళ్లి ఫోన్. పెద్ద వెబ్‌సైటు, లక్షల మంది చూసేది. ఎడిటర్ పేరు భానుప్రసాద్.

"మీ వాగు పోస్టు మేం వేసుకుంటామమ్మా. పేరు దగ్గర 'మా బృందం' అని వస్తుంది. బయటివాళ్ల రచనలకు అదే మా పద్ధతి. నిన్న ప్రణయ్‌ని అడిగాం. ఇవ్వనన్నాడు. అందుకే మిమ్మల్ని నేరుగా అడుగుతున్నా."

"ఇయ్య అన్నడా?" అన్నది జమున.

"కచ్చితంగా చెప్పాడు."

ఫోన్ పెట్టేసి వెంటనే ప్రణయ్‌కు కలిపింది.

"హైదరాబాదోళ్లు అడిగితె వద్దన్నవంట?"

"ఔ."

"నాకు ఒక్క మాట చెప్పకుంటనా?"

"సాయంత్రం చెప్దామనుకున్న."

"నా రాత నీ బ్లాగు దాటి పోవద్దా? నీ ఇంటికి వచ్చిన చుట్టం ఇంకోరింటికి పోతె నీకు నొస్తదా?"

అవతల ఊపిరి ఇడిసిన చప్పుడు ఇనబడ్డది. "నా గురించి గట్ల అనుకున్నవా?"

"మరెట్ల అనుకోవాలె? చెప్పు."

"చెప్ప. నేను చెప్తె నా మాట మీద నువ్వు ఏదో ఒకటి అంటవ్. నీ రాత జమునా. ఇచ్చుడు, ఇయ్యకపోవుడు నువ్వే తేల్చుకో. నువ్వు ఇస్తనంటె నేను అడ్డం రాను."

ఫోన్ కట్టయింది. మీసేవ ముందర లైన్ల నిలబడ్డోళ్లు "ఏమైంది బిడ్డా?" అంటె, "సర్వర్ డౌన్ ఉన్నది," అన్నది జమున.

ఆ రోజంత మనసు మనసుల లేదు. లక్షల మంది. మంథనిల, వరంగల్‌ల, హైదరాబాద్‌ల బాపు ముచ్చట చదువుతరు. ఇంకేం కావాలె? ఇస్తనని మెసేజ్ టైపు చేసింది. పంపే ముందు 'మా బృందం' అన్న మాట దగ్గర వేలు ఆగింది. ఎవలది ఆ బృందం? దాంట్ల రేలవాడ యాడ ఉన్నది? బాపు రాయి యాడ ఉన్నది? ఒడ్డున నిలబడి తమాషా చూసిండ్రన్నప్పుడు గూడ ఊరికి పేరు లేదు. ఇప్పుడు మంచి చెప్పేటప్పుడు గూడ పేరు లేకుంటనేనా?

మెసేజ్ తుడిపేసి ఫోన్ చేసింది.

"సార్, ఇస్త. కని పేరు పెట్టాలె. జమున, రేలవాడ అని."

"పేరులో ఏముందమ్మా? చదివేవాళ్లు లక్షల్లో ఉంటారు. మీకదే కదా కావాలి?"

"చదువుతరు సార్. ఎవలు రాసిండ్రో తెల్వకుంటె, మా కథ మళ్ల ఎవలో హైదరాబాద్‌ల కూసొని చెప్పిండ్రనుకుంటరు. మాకు నోరు లేదనుకుంటరు. మా అసొంటోళ్లకు ఉన్నది గా పేరొక్కటే. పేరు లేకుంటె ఇయ్య."

భానుప్రసాద్ నవ్విండు. నవ్వుల ఎగతాళి లేదు, ఆశ్చర్యమున్నది.

"మీరిద్దరూ ముందే మాట్లాడుకున్నారా? ప్రణయ్ కూడా ఇదే మాటన్నాడు. 'ఆమె పేరు, ఆమె ఊరి పేరు లేకుంటె ఇయ్య' అని. సరే, పైవాళ్లను అడిగి చూస్తా."

జమున ప్రణయ్‌కు ఫోన్ కలిపింది. స్విచ్చాఫ్. మళ్ల కలిపింది. స్విచ్చాఫే. తెల్లారి ఆదివారం. ఆ పొద్దుమీకే ఆమె ఊరుకు పోయింది. రేలవాడల సిగ్నల్ రాదు.

---

ఆదివారం ఉట్నూర్ అంగడికి పోయే జనంతోని జీపు నిండింది. జమున బాపు పక్కన కూసున్నది, మొఖం ముడుసుకొని. ఉట్నూర్ పోయి సిగ్నలొచ్చినంక మళ్ల ఫోన్ చెయ్యాలని చూస్తున్నది. వాగు కాడికొచ్చేసరికి అంబదాస్ బ్రేకు వేసిండు. పై నుంచి వాన నీళ్లు మట్టి రంగుల ఉరుకుతున్నయ్.

"దిగుండ్రి. టైము పడ్తది," అని ఒడ్డుకు రాయి పెట్టిండు.

అవతలి ఒడ్డున ఒక బైకు. బైకు పక్కన నిలువునా తడిసిన మనిషి. జమున కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది.

"గదెవలు? మన ఫోటోల పోరడు కాదా?" అన్నది అలేఖ్య టీచర్.

అవతలికెళ్లి ప్రణయ్ రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకొని ఒర్లిండు. నీళ్ల హోరుల మాట సగమే వచ్చింది.

"జమునా! పే... పెడ్తమన్నరు!"

"ఏందీ?"

"పే... ఖాయమైంది!"

ముసలామె ఎగిరి గంతేసినంత పని చేసింది. "పెండ్లి ఖాయమైందంటుండు!"

జమున నీళ్ల అంచుదాక ఉరికింది. "ఎవలతోని?" అని ఒర్లింది.

"నీదే! నీదే!"

"నీతోనే అంటుండు బిడ్డా!" అన్నది ముసలామె. జీపుల జనమంత చప్పట్లు కొట్టిండ్రు. అంబదాస్ మాత్రం చేతులు కట్టుకొని నీళ్ల దిక్కే చూస్తుండు. అవతల ప్రణయ్‌కు ఈ చప్పట్లు ఎందుకో తెల్వలే. తన వార్తకు ఊరంత సంబురపడుతున్నదనుకొని తను గూడ చేతులెత్తి చప్పట్లు కొట్టిండు. అది చూసి ఇవతల ఇంకింత ఊగిపోయిండ్రు.

జమునకు సిగ్గు, కోపం, నవ్వు మూడూ ఒక్కసారే వచ్చినయ్. ఫోన్ ఆఫ్ చేసుకొని పోయిన మనిషి, ఒక్క మాట తనను అడగకుంట, వాగు అవతల నిలబడి ఊరందరికీ చెప్తడా?

వాన వెలిసింది. సంచులల్లకెళ్లి రొట్టెలు బయటికొచ్చినయ్. నీళ్లు మెల్లమెల్లగ రాయిని ఇడిసిపెట్టినయ్. హోరు తగ్గింది. అప్పుడు మాట సాఫ్‌గ ఇనబడ్డది.

"భానుప్రసాద్ పొద్దున ఫోన్ చేసిండు! పేరు పెడ్తమన్నరు! జమున, రేలవాడ అని! నీ ఫోన్ కలువలే, గందుకే వచ్చిన!"

ఒడ్డు మీద అందరూ ఒకల మొఖాలు ఒకలు చూసుకున్నరు. 'పేరు'. పెండ్లి కాదు.

ముసలామె నోట్ల రొట్టె నోట్లనే ఉన్నది. జమున మొఖం ఎర్రబడ్డది. "వీళ్లు పెండ్లి అనుకున్నరు!" అని ఒర్లింది, తప్పించుకునే తొవ్వ లేక.

ప్రణయ్ ఇందాకటి చప్పట్లు, తన చప్పట్లు యాదికొచ్చి నెత్తి గోక్కున్నడు. తర్వాత చేతులు మళ్ల నోటికి పెట్టుకున్నడు.

"నేనన్నది పేరు! కని వాళ్లు ఇన్నదే రైటు! నువ్వు ఊ అంటె గది గూడ ఖాయమే!"

ఈసారి ఎవలూ తప్పు ఇనలే.

అంబదాస్ జీపు ఎక్కి ఇంజను లేపిండు. జనాన్ని ఎక్కమని సైగ చేసిండు. జీపు మెల్లగ, ఒక్క గేరు మీద, వాగు దాటింది.

జమున అవతల దిగి ప్రణయ్ ముందుకు పోయి నిలబడ్డది.

"ఆ రోజు ఎందుకు చెప్పలే? పేరు కోసమే వద్దన్ననని ఒక్క మాట అంటె అయిపోతుండె."

ప్రణయ్ తడి చేతులు ప్యాంటుకు తుడుసుకున్నడు.

"మా బాపు సిరిసిల్లల సాంచాలు నడుపుతడు జమునా. బతుకంత బట్ట నేసిండు. ఆ బట్ట యాడికి పోయినా ఎవలిదో లేబుల్ ఉంటది. మా బాపు పేరు దేని మీదా చూడలే నేను. గందుకే వద్దన్న. కని ఆ ముచ్చట నీకు చెప్తె, నా బాధ చూసి వద్దంటవ్. నీకు నువ్వే అనాలని ఉండె."

"నాకు నేనే అన్న."

"తెలిసింది. భానుప్రసాద్ చెప్పిండు. 'ఆ అమ్మాయి నన్ను నోరెత్తనియ్యలే' అన్నడు." ప్రణయ్ నవ్విండు. కండ్లు మాత్రం నవ్వలే, ఆమె దిక్కే చూస్తున్నయ్. "ఎంత గర్వమనిపించిందో తెలుసా? బైకు స్టార్ట్ చేసినంక గని రెయిన్ కోట్ మరిచిన సంగతి యాదికి రాలే."

"ఆ రోజు నేనన్న మాట..." జమున గొంతు తగ్గింది. "నీకు నొస్తదా అన్న. తప్పు నాదే."

"నొచ్చింది. గిప్పుడు లేదు."

"ఊ," అన్నది జమున.

"ఊ అంటె? ఇన్న అనా, ఖాయమనా?"

"ఎడిటరువు కదా, తేల్చుకో."

ఎన్క జీపుల ముసలామె "ఖాయమే పిలగా, ఖాయమే!" అన్నది.

అంబదాస్ కిందికి దిగి వచ్చిండు. ప్రణయ్ సప్పున సర్దుకొని నిలబడ్డడు. "కాకా..."

"మీ అవ్వ పేరేంది?"

"పద్మలత."

"ఆమెకు జొన్న రొట్టె పడ్తదా?"

"పడ్తది కాకా."

"మరి మీ అవ్వను బాపును ఎప్పుడు తోల్కొస్తవ్? వాన తగ్గినంకనా, తగ్గక ముందా?"

ప్రణయ్ నోరు తెరిచేలోపల జమునే అన్నది, "వచ్చే ఆదివారం తోల్కొస్తడు బాపూ."

"సరే మరి," అన్నడు అంబదాస్. బైకు టీ కొట్టు కాడ పెట్టించి, ప్రణయ్‌ను జీపుల ముందు సీటుకు పిలిచిండు. జమున నడుమ, బాపు ఒక దిక్కు, ప్రణయ్ ఒక దిక్కు. ఇప్పుడు ఇంకో మనిషి పట్టే జాగ లేదు.

ఉట్నూర్ ఇంకా రాకముందు తొవ్వల ఒక రైతు చెయ్యి అడ్డం పెట్టి ఎక్కిండు. ముందు సీట్ల కొత్త మనిషిని చూసి అడిగిండు.

"ఎవలు అంబదాసూ గీ పిలగాడు? ఆఫీసరా?"

అంబదాస్ గేరు మార్చిండు. గొంతు సవరించుకొని, ఎన్క సీటు దాక ఇనబడేటట్టు చెప్పిండు.

"మా జమున రైటరు, ఎరికే కదా? గాయిన ఆమె పెనిమిటి కాబోతుండు."

ప్రణయ్ రైతు దిక్కు తిరిగి, రెండు చేతులెత్తి దండం పెట్టిండు.